ఫైలు అట్ట మీద రాసే మాట కాదది

నా స్నేహితుడొకడు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసి రాడ్ వెయ్యాలన్నారు. వాడికి హెచ్ఐవీ ఉంది, అప్పటికి ఆరేళ్లుగా మందులు వాడుతున్నాడు, ఒక్క పూట కూడా తప్పకుండా. ఆ సంగతి ఇంట్లో అమ్మకి తెలుసు, నాకు తెలుసు, మందులిచ్చే చోట తెలుసు, అంతే. మత్తుమందుతో తన మందులకి ఏమైనా పడకపోవచ్చేమోనని, ఆపరేషన్ ముందురోజు రాత్రి సర్జన్ ఒక్కడే ఉన్నప్పుడు వాడంతట వాడే మెల్లగా చెప్పాడు. ఎవరూ అడగలేదు. చెప్పడం మంచిదని చెప్పాడు.

పొద్దున్న నేను వెళ్లేసరికి మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి ఉంది. కింద రెండు గీతలు. పక్క మంచాల వాళ్లు చూశారు, తుడవడానికి వచ్చినాయన చూశాడు, చూడ్డానికి వచ్చిన మేనత్త చదివింది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి. అప్పటిదాకా మంచం అంచున కూర్చుని కబుర్లు చెప్పినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్లడం మొదలుపెట్టారు. వాడు నాతో ఒకటే అన్నాడు: "నేను డాక్టరుకి చెప్పాన్రా, ఫైలుకి చెప్పలేదు."

ఇదంతా వాడి అనుమతితోనే రాస్తున్నాను. వాడి పేరు, ఊరు, వయసు, చేసే పని, ఆ ఆసుపత్రి ఏదన్నదీ రాయను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి చట్టం ఇచ్చే రక్షణల గురించి ఎప్పుడు మాట్లాడినా మనం ఉద్యోగం, చదువు, వైద్యం, ఆస్తి ఈ వరుసలో మాట్లాడతాం, గోప్యత అనేది చివర్లో ఒక మర్యాదలాగా వస్తుంది. నా ఉద్దేశంలో అది తలకిందులు. ఉద్యోగం అన్యాయంగా తీసేస్తే కోర్టు మళ్లీ ఇప్పించగలదు, బడిలోకి రానివ్వకపోతే రానివ్వమని ఆర్డరు వేయగలదు, బయటికి పోయిన మాటని మాత్రం ఏ న్యాయమూర్తీ వెనక్కి తెప్పించలేడు. అందుకని మొదటి హక్కు గోప్యతే, మిగతావన్నీ దాని మీద నిలబడేవి. ఈ హక్కు కాగితం మీద చాలా దేశాల్లో ఉంది. అది పని చేయాలంటే ఆ కాగితాన్ని పట్టుకునే వాళ్లందరి మీదా, అంటే రికార్డు రూము నుంచి కవరు అంటించే మనిషి దాకా, బాధ్యత ఉండాలి.

అట్ట మీద అలా ఎందుకు రాశారని నేను వెళ్లి అడిగాను. "సిస్టర్లకి తెలియాలి కదండీ, వాళ్ల సేఫ్టీ కూడా చూడాలి కదా" అన్నారు. నిజాయితీగానే అన్నారు, అడిగింది తప్పేమో అనిపించేంత మామూలుగా. చాలామంది మంచివాళ్లు కూడా ఇదే నమ్ముతారు కాబట్టి దీనికి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి.

1987లోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక పద్ధతి చెప్పింది: ఏ రోగి రక్తాన్నైనా సరే, వైరస్ ఉన్న రక్తంగానే భావించి జాగ్రత్త పడాలి. గ్లవ్స్, సూదులు పారేసే డబ్బా, అన్నీ అందరికీ ఒకేలా. ఎందుకంటే ఎవరికి ఏముందో చూసి తెలుసుకోలేం, పరీక్ష కూడా అన్నిసార్లూ చెప్పదు. వైరస్ ఒంట్లోకి వచ్చిన మొదటి రోజుల్లో పరీక్షలో నెగెటివ్ అనే వస్తుంది, అప్పుడే రక్తంలో వైరస్ బాగా ఎక్కువగా ఉంటుంది. అంటే అట్ట మీద ఏమీ రాయని ఫైలు వల్ల ఆ సిస్టర్‌కి లేని ధైర్యం వస్తుంది. ఎర్ర అక్షరాలు ఉన్న ఒక్క మంచం దగ్గర రెండు గ్లవ్స్ వేసుకుని, మిగతా పందొమ్మిది మంచాల దగ్గర ఒట్టి చేతులతో సూది తీసే వార్డులో నర్సుకి రక్షణ ఎక్కడుంది? పొరపాటున సూది గుచ్చుకున్నా, మందులు వాడని మనిషి రక్తమైనప్పుడు కూడా వైరస్ వచ్చే అవకాశం వెయ్యికి సుమారు మూడు. 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కాస్త ప్రమాదం కూడా చాలా తగ్గిపోతుంది. నర్సుల భద్రత గురించి నిజంగా పట్టింపు ఉన్న ఆసుపత్రి చెయ్యాల్సింది ఆ మందులు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంచడం, గ్లవ్స్ లెక్కపెట్టకుండా ఇవ్వడం. వైద్యం చేసే డాక్టరుకి తెలియాలి, మందులు రాసేవాళ్లకి తెలియాలి, ఒప్పుకుంటాను. దానికి కేస్ షీట్ లోపలి పేజీ ఉంది. అట్ట ఎందుకు?

ఇంకో మాట కూడా వింటుంటాను, ఇది ఇంకా మంచి మనసున్నవాళ్ల నుంచి వస్తుంది: "తప్పేం చేశారని దాచుకోవాలి? దాచుకుంటే సిగ్గుపడాల్సిన విషయం అని ఒప్పుకున్నట్టే కదా?" ఈ ప్రశ్న నేనూ ఒకప్పుడు వాణ్ని అడిగాను, ఇప్పుడు అడగను. సిగ్గు వేరు, గోప్యత వేరు. మన జీతం, మన ఇంట్లో గొడవలు, మనకి పోయిన గర్భం, ఇవేవీ తప్పులు కావు, అయినా ఎవరికి ఎప్పుడు చెప్పాలో మనమే ఎంచుకుంటాం. 1983లో, అప్పటికి ఎయిడ్స్ అనే జబ్బు వెలుగులోకి వచ్చి రెండేళ్లే, దానికి కారణమైన వైరస్ ఏదో కూడా ఇంకా ఖాయంగా తేలలేదు, మందు లేదు, అలాంటి రోజుల్లో అమెరికాలోని డెన్వర్‌లో కొంతమంది రోగులే కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నారు. మమ్మల్ని బాధితులు అనొద్దు, మేం ఎయిడ్స్‌తో బతుకుతున్న మనుషులం అన్నారు. అదే కాగితంలో తమ వైద్య రికార్డుల గోప్యత కూడా తమ హక్కు అని రాసుకున్నారు. తమ ముఖాలు లోకానికి చూపించి నిలబడ్డవాళ్లే ఆ మాట అడిగారు. సిగ్గుపడేవాళ్లు అలా అడగరు.

బయటపడితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. రయన్ వైట్ అనే కుర్రాడికి హీమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు ఉండేది, దానికి ఎక్కించిన రక్త ఉత్పత్తుల ద్వారా వైరస్ వచ్చింది. 1985లో, పదమూడేళ్ల వయసులో, ఇండియానా రాష్ట్రంలోని కోకొమోలో వాణ్ని బడికి రావద్దన్నారు. పక్కన కూర్చుంటే రాదని డాక్టర్లు చెప్పినా సరే. కోర్టుకి వెళ్లి గెలిచాడు, బడికి తిరిగి వెళ్లాడు, కానీ ఇంటి కిటికీలోంచి తూటా దూసుకొచ్చాక ఆ కుటుంబం ఊరే వదిలి వెళ్లింది. కోర్టు బడి తలుపు తెరిపించగలిగింది. ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోయిన సంగతిని చెరిపేయలేకపోయింది. 1990లో, పద్దెనిమిదేళ్లకి చనిపోయాడు.

ఇప్పుడు రోజులు మారాయి, మందులు వచ్చాయి, నిజమే. 1996 నుంచి మందులు కలిపి ఇచ్చే వైద్యంతో హెచ్ఐవీ చావు కబురు కాకుండా పోయింది, సరిగ్గా మందులు వేసుకునే మనిషికి ఎయిడ్స్ దశ రాకుండానే జీవితం గడిచిపోతుంది. పైగా రక్తంలో వైరస్ మోతాదు, అంటే వైరల్ లోడ్, పరీక్షకి దొరకనంత తగ్గితే, లైంగికంగా ఇంకొకరికి వైరస్ పోదు. ఇది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు. ఒకరికి వైరస్ ఉండి ఇంకొకరికి లేని జంటల మీద యూరప్‌లో చేసిన పార్ట్‌నర్ అనే అధ్యయనం రెండో విడత ఫలితాలు 2019లో వచ్చాయి. 782 జంటలు, కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలయిక, వాళ్ల భాగస్వామి నుంచి వైరస్ వచ్చినవాళ్లు సున్నా. ప్రపంచంలో ఇప్పుడు సుమారు 4 కోట్ల మంది హెచ్ఐవీతో బతుకుతున్నారు. వాళ్లందరూ పరీక్ష చేయించుకుని, మందులు వేసుకుంటే వైరస్ ముందుకు పోయే దారే మూసుకుపోతుంది.

మరి మనిషి పరీక్షకి ఎందుకు రాడు? నాకు తెలిసిన జవాబు ఒకటే: సూదికి భయపడి కాదు, రిజల్ట్‌కి భయపడి కూడా అంతగా కాదు, ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో అనే టెన్షన్. 1985లో మొదటి రక్తపరీక్ష వచ్చినప్పుడే ఈ భయం పుట్టింది, పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్ల లిస్టు ఎవరికో అందుతుందని. అందుకే పేరు చెప్పకుండా, ఒక నంబరు ఇచ్చి పరీక్ష చేసే కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. అంటే గోప్యత అనేది రోగికి చేసే దయ కాదు, జబ్బు అదుపు చేయడానికి కావాల్సిన పనిముట్టు. యూరప్ మానవ హక్కుల కోర్టు 1997లో 'జెడ్ వర్సెస్ ఫిన్లాండ్' అనే కేసులో దాదాపు ఇదే చెప్పింది. రోగి రహస్యం కాపాడకపోతే జనం వైద్యానికి రావడం మానేస్తారు, దాంతో వాళ్ల ఆరోగ్యమే కాదు, అంటువ్యాధుల విషయంలో సమాజం ఆరోగ్యం కూడా దెబ్బతింటుందని.

ఆ కేసు వేసింది జెడ్ అనే మారుపేరుతో ఒక మహిళ, ఆవిడ చేసిన తప్పు ఏమీ లేదు. ఫిన్లాండ్‌లో అంతకుముందు నడిచిన కేసు ఆవిడ భర్త మీద. ఆ విచారణ కోసం ఆవిడ మెడికల్ రికార్డులు తీసుకున్నారు, ఆవిడ డాక్టర్ల చేత సాక్ష్యం చెప్పించారు, చివరికి అప్పీలు కోర్టు తన తీర్పులో ఆవిడ పేరూ, హెచ్ఐవీ సంగతీ రాసేసింది, ఆ తీర్పు పత్రికలకి చేరింది. విచారణకి అవసరమైన మేరకు రికార్డులు చూడటం సరే గాని, తీర్పులో పేరు రాయాల్సిన అవసరమే లేదని, ఆ రికార్డులు పదేళ్లకే అందరికీ తెరిచేయడం కూడా తప్పేనని యూరప్ కోర్టు అంది.

కానీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది అదే దేశం నుంచి వచ్చిన ఇంకో కేసు, 'ఐ వర్సెస్ ఫిన్లాండ్', 2008 జూలైలో తీర్పు వచ్చింది. ఈ కేసు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా వాడి ఫైలు సంగతికి ఇంత దగ్గరగా వచ్చిన తీర్పు నేను ఇంకోటి చదవలేదు.

ఆవిడ నర్సు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగంలో పని. అదే ఆసుపత్రిలో అంటువ్యాధుల విభాగంలో హెచ్ఐవీకి వైద్యం తీసుకుంటోంది. 1992 మొదట్లో తోటివాళ్ల మాటతీరు మారింది, తన సంగతి వాళ్లకి తెలిసిపోయిందని ఆవిడకి అర్థమైంది. ఆ రోజుల్లో ఆ ఆసుపత్రిలో ఎవరైనా సరే రోగుల రిజిస్టరు తెరిచి చూడొచ్చు, చూసే అవసరం ఉందా అని అడిగేవాళ్లు లేరు. ఆవిడ ఫిర్యాదు చేశాక రిజిస్టరు చూసే వీలు వైద్యం చేసే విభాగానికే పరిమితం చేశారు, ఆవిడ వివరాలు వేరే పేరుతో రాశారు. తర్వాత ఉద్యోగం కాంట్రాక్టు పొడిగించలేదు. తన రికార్డు ఎవరు చూశారో చెప్పండి అని అడిగింది. చెప్పలేం అన్నారు. చెప్పడం ఇష్టం లేక కాదు, ఆ వ్యవస్థలో ఆఖరి అయిదు సార్లు చూసినవే కనిపించేవి, అదీ ఏ విభాగం చూసిందో తప్ప ఏ మనిషి చూశారో ఉండదు, రికార్డు తిరిగి ఆర్కైవ్‌కి వెళ్లగానే ఆ కాస్త వివరం కూడా చెరిగిపోతుంది.

ఆవిడ కోర్టుకి వెళ్లింది. అక్కడి కోర్టులు, నీ రికార్డు ఫలానావాళ్లు అన్యాయంగా చూశారని నువ్వు రుజువు చెయ్యలేకపోయావు కాబట్టి కేసు లేదన్నాయి. ఒక్కసారి ఆలోచించండి. రుజువు ఉండాల్సింది ఆసుపత్రి దగ్గర, దాన్ని ఆసుపత్రే భద్రపరచలేదు, లేని రుజువు తెమ్మని అడుగుతున్నది రోగిని. యూరప్ కోర్టు ఈ ముడి విప్పింది. రికార్డు ఎవరు తెరిచారో రాసిపెట్టుకోవడం, అవసరం లేనివాళ్లని తెరవనివ్వకపోవడం, ఇవి ఆసుపత్రి చెయ్యాల్సిన పనులు, చెయ్యకపోవడమే హక్కుని ఉల్లంఘించడం, ఎవరు చూశారో ఆవిడ నిరూపించనక్కర్లేదు అంది. తర్వాత నష్టపరిహారం ఇవ్వడం ఒక్కటే చాలదని, ముందుగానే తలుపుకి గడియ పెట్టాలని తేల్చింది. అప్పటికి తన సంగతి తోటివాళ్లకి తెలిసిపోయిందని ఆవిడకి అర్థమై పదహారేళ్లు.

మా వాడి విషయంలో ఆ ఎర్ర అక్షరాలు ఎవరు రాశారో ఇప్పటికీ తెలీదు. అడిగితే నైట్ డ్యూటీ వాళ్లేమో అన్నారు, నైట్ డ్యూటీ వాళ్లని అడిగితే ఆపరేషన్ థియేటర్ వాళ్లన్నారు. అందుకే ఈ తీర్పు చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, మాకు దొరకనిది ఇదీ అని అర్థమై.

ఇక అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, భాగస్వామి సంగతి. పెళ్లి చేసుకోబోయే మనిషికి, భార్యకి, భర్తకి తెలియొద్దా? తెలియాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. తేడా అంతా ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అనే దగ్గర.

భారత సుప్రీం కోర్టుకి ఈ ప్రశ్న 1998లో 'మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్' కేసులో వచ్చింది. ఒకాయన వేరే రోగి ఆపరేషన్ కోసం రక్తం ఇవ్వబోతే ఆయనకి హెచ్ఐవీ ఉందని ఆసుపత్రిలో తేలింది, ఆ సంగతి బయటికి పొక్కింది, కుదిరిన పెళ్లి ఆగిపోయింది, చుట్టుపక్కల వాళ్లు వెలివేసినట్టు చూస్తే ఊరు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. కోర్టు ఆసుపత్రిది తప్పు కాదంది, పెళ్లి కూతురి ఆరోగ్య హక్కు పెద్దదంది. అక్కడితో ఆగి ఉంటే వాదించుకోవచ్చు. కానీ ఇంకో అడుగు ముందుకేసి, జబ్బు నయమయ్యేదాకా ఆయన పెళ్లి చేసుకునే హక్కే నిలిపివేసినట్టు అని రాసింది. పూర్తిగా నయం కాని జబ్బు విషయంలో దానికి అర్థం జీవితాంతం అని. నాలుగేళ్ల తర్వాత, 2002లో, పెళ్లి గురించి అన్న ఆ మాటలు ఆ కేసుకి అవసరం లేనివని అదే కోర్టు పక్కన పెట్టింది. ఆ నాలుగేళ్లలో ఆ తీర్పు చూపించి ఎంతమందిని భయపెట్టి ఉంటారోనని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నా అభ్యంతరం ఒకటే: ఆ సంగతి ఆ అమ్మాయికి చేరడం వేరు, ఊరంతటికీ చేరడం వేరు, తీర్పు ఈ రెంటినీ విడదీయలేదు.

తర్వాత వచ్చిన చట్టం విడదీసింది. భారతదేశంలో హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి అనుమతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, అనుమతి లేకుండా సంగతి బయటపెట్టకూడదు అన్నది మూల సూత్రం. భాగస్వామికి చెప్పే విషయంలో ఆ చట్టం చాలా ఆలోచించి మెట్లు కట్టింది. చెప్పగలిగేది డాక్టరు లేదా కౌన్సెలర్ మాత్రమే. భాగస్వామికి నిజంగా ప్రమాదం ఉందని నమ్మాలి, నువ్వే చెప్పు అని ఆ మనిషికి ముందు కౌన్సెలింగ్ ఇవ్వాలి, అయినా చెప్పరని తేలాలి, నేను చెప్పబోతున్నాను అని ఆ మనిషికి తెలియజేయాలి, అప్పుడు భాగస్వామికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది దాని తర్వాత వచ్చే మినహాయింపు: చెబితే ఆ మనిషిని, ముఖ్యంగా ఆడమనిషిని, కొడతారనో ఇంట్లోంచి గెంటేస్తారనో సబబైన అనుమానం ఉంటే చెప్పకూడదు. ఇది రాసినవాళ్లు ఇళ్లల్లో ఏం జరుగుతుందో తెలిసి రాశారు. గర్భంతో ఉన్నప్పుడు పరీక్షలు చేస్తారు కాబట్టి చాలా ఇళ్లల్లో ముందు బయటపడేది భార్యది, వైరస్ భర్త నుంచే వచ్చినా నింద ముందు ఆవిడ మీదే పడుతుంది.

జైలు భయం పెట్టి చెప్పించే చట్టాలు కూడా కొన్ని దేశాల్లో ఉన్నాయి, తనకి ఉందని తెలిసి చెప్పకపోతే, ఎవరికీ వైరస్ పోకపోయినా సరే, శిక్ష. ఈ పద్ధతి నాకు నచ్చదు. తెలిస్తేనే నేరం అయితే తెలుసుకోకుండా ఉండటమే మేలు అని మనిషి పరీక్షకే పోడు. 2018లో వివిధ దేశాల హెచ్ఐవీ శాస్త్రవేత్తలు 20 మంది కలిసి ఈ కేసుల్లో కోర్టులు ప్రమాదాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూస్తున్నాయని ప్రకటన ఇచ్చారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో, జింబాబ్వే 2022లో అలాంటి చట్టాలు ఎత్తేశాయి. మంచి పని చేశాయి.

ఉద్యోగాల గురించి ఎక్కువ రాయను, ఇక్కడ సూత్రం తేటగానే ఉంది, అమలే లేదు. దక్షిణాఫ్రికాలో హాఫ్‌మన్ అనే అతను 1996లో విమానంలో క్యాబిన్ అటెండెంట్ ఉద్యోగానికి అన్ని పరీక్షలూ నెగ్గాడు, రక్తపరీక్షలో హెచ్ఐవీ తేలాక వద్దన్నారు. ప్రయాణికులు ఇష్టపడరు, మిగతా విమాన సంస్థలు కూడా తీసుకోవడం లేదు అన్నది కంపెనీ వాదన. 2000 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం, జనానికి ఉన్న దురభిప్రాయం అన్యాయానికి సాకు కాలేదని చెప్పి, పరిహారం ఇచ్చి పంపకుండా ఉద్యోగమే ఇప్పించింది. ఉద్యోగం కోసం హెచ్ఐవీ పరీక్ష అడగొద్దని, చెప్పమని బలవంతం చెయ్యొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సిఫార్సు చేసింది. అయినా మెడికల్ చెకప్ పేరుతో తీసే రక్తంలో ఏమేం చూస్తారో చేరేవాళ్లలో చాలామంది అడగరు. అడగండి, రాసి ఇమ్మనండి.

ఇప్పుడు మళ్లీ కోర్టు గుమ్మం దగ్గరికి వస్తాను. మా వాడితో నేను, కంప్లయింట్ ఇద్దాం, కేసు వేద్దాం అన్నాను. "కేసు వెయ్యాలంటే ముందు నా పేరు రాయాలి కదా" అన్నాడు. చుట్టాలకి తెలిసిన సంగతి ఆఫీసుకి ఇంకా తెలీదు. రహస్యం పోయిందని న్యాయం అడగడానికి వెళితే రహస్యం ఇంకోసారి పోతుంది. ఈ భయంతోనే ఎన్ని కేసులు పుట్టకముందే పోయాయో ఎవరూ లెక్క కట్టలేరు. దీనికి దారి ఉంది: పేరు మార్చి కేసు నడపడం. భారతదేశంలో బొంబాయి హైకోర్టు 1997లోనే ఒక కార్మికుడి కేసుని 'ఎంఎక్స్ వర్సెస్ జెడ్‌వై' అనే మారుపేర్లతో నడిపింది, 2017 చట్టం దాన్ని అడిగి తీసుకునే హక్కుగా రాసింది. మారుపేరు పెట్టమని, విచారణ తలుపులు మూసి జరపమని, వివరాలు అచ్చు వెయ్యకుండా ఆపమని కోర్టుని కోరవచ్చు. ఈ ఒక్క ముక్క తెలిస్తే వెనకడుగు వేసేవాళ్లలో కొందరైనా ముందుకొస్తారు. మా వాడికి తెలీదు, నాకూ అప్పటికి తెలీదు, అడిగిన ఒక లాయరుకీ తెలీదు.

అలాగే "ఎలాగూ కొందరికి తెలుసు కదా, ఇంక దాచేదేముంది" అనే మాట. ఆసుపత్రిలో మాకు చెప్పిన చివరి సమాధానం ఇదే. దీనికి సరైన జవాబు దక్షిణాఫ్రికాలోనే 2007లో వచ్చింది. మందుల ప్రయోగాల్లో పాల్గొన్న ముగ్గురు మహిళల అసలు పేర్లూ వాళ్లకి హెచ్ఐవీ ఉన్న సంగతీ ఒక రాజకీయ నాయకురాలి జీవిత చరిత్రలో అచ్చయ్యాయి. ఆ పేర్లు అప్పటికే ఒక విశ్వవిద్యాలయం నివేదికలో ఉన్నాయి కదా అన్నది అటువైపు వాదన. రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఒక చోట కనిపించినంత మాత్రాన లోకం మొత్తానికి చెప్పే అనుమతి వచ్చినట్టు కాదు, అడిగి తెలుసుకోవాల్సిందే అంది. ఒక్కొక్కరికి 35 వేల రాండ్లు ఇప్పించింది. డబ్బు పెద్దది కాకపోవచ్చు గాని, అమ్మకి చెప్పినంత మాత్రాన మేనత్తకి చెప్పినట్టు కాదని ఒక పెద్ద కోర్టు అన్నట్టు నాకు వినిపించింది.

చెడ్డ ఉద్దేశంతో బయటపెట్టేవాళ్లకన్నా పరధ్యానంతో బయటపెట్టేవాళ్లే ఎక్కువ. 2015లో లండన్‌లో ఒక లైంగిక ఆరోగ్య క్లినిక్ తన న్యూస్‌లెటర్‌ని 781 ఈమెయిల్ అడ్రసులకి పంపింది. బీసీసీ గడిలో పెట్టాల్సిన అడ్రసులు టూ గడిలో పెట్టారు. ఒక్క గడి తేడాకి ఒకరి పేరు మిగతా అందరికీ కనిపించింది, వాళ్లలో చాలామంది హెచ్ఐవీ ఉన్నవాళ్లు. లక్షా 80 వేల పౌండ్ల జరిమానా పడింది. 2017లో అమెరికాలో ఒక బీమా కంపెనీ సుమారు 12 వేల మందికి ఉత్తరాలు పంపితే, అడ్రసు కనిపించడానికి కవరు మీద ఉండే పారదర్శక కాగితంలోంచి లోపలి హెచ్ఐవీ మందుల సంగతి కూడా కనిపించింది. ఇంట్లో ఇంకెవరో తీసి బల్ల మీద పెడితే చాలు, ఉత్తరం చింపనక్కర్లేదు. 2019 జనవరిలో సింగపూర్ ప్రభుత్వం 14,200 మంది హెచ్ఐవీ రిజిస్టరు వివరాలు ఇంటర్నెట్‌లోకి పోయాయని ఒప్పుకుంది, పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలతో సహా. ఆ రిజిస్టరులోని వాళ్లు ఎవరినీ నమ్మి చెప్పలేదు, ప్రభుత్వం రాసుకుంది. రాసుకునే అధికారం ఉన్న ప్రతి చోటా దాచే బాధ్యత అంతకు రెట్టింపు ఉండాలని నేను అనేది అందుకే.

మా వాడు కేసు వెయ్యలేదు. ఒక ఉత్తరం మాత్రం రాశాం, ఇద్దరం కూర్చుని, ఆసుపత్రి పెద్దలకి, వాడి పేరు లేకుండా నా పేరుతో. మూడు అడిగాం: అట్టల మీద జబ్బు పేరు రాయడం ఆపండి, ఫైలు తెరిచిన ప్రతివాళ్లూ సంతకం పెట్టే ఒక కాగితం లోపల పెట్టండి, ఎవరికి సూది గుచ్చుకున్నా ఏ వేళైనా మందు దొరికేలా చూడండి. రెండు నెలలకి జవాబు వచ్చింది. మొదటిది ఒప్పుకున్నారు. మూడోది ముందునుంచీ ఉందన్నారు. రెండో దాని గురించి ఆ ఉత్తరంలో ఏమీ లేదు, మళ్లీ రాశాను, ఎదురు చూస్తున్నాను.

ఈ వ్యాసం ముందు వాడికి పంపాను. మేనత్త గురించి నేను రాసిన నాలుగు వాక్యాలు తీసేయమన్నాడు, ఇప్పుడు ఆవిడ ఇంటికొస్తోంది, మంచం మీదే కూర్చుంటోంది, చదివితే బాధపడుతుంది అన్నాడు. తీసేశాను. ఒక్క వాక్యం మిగిల్చాను, అది ఉండనిమ్మని వాడే చెప్పాడు.